కార్డు బియ్యం, కూలి బేరం

2026 సంక్రాంతి సెలవుల్లో మా జిల్లాలో విద్యార్థులకు మూడు రోజులపాటు అధ్యయన తరగతులు జరిగాయి. రెండో రోజు "సంక్షేమ రాజ్యం: భ్రమలూ వాస్తవాలూ" అనే విషయం మీద మాట్లాడమని నాకు పురమాయించారు. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి ఆర్థికశాస్త్రం ఎందుకని తప్పించుకోజూశాను. నిర్వాహకులు ఒప్పుకోలేదు. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో ఇదే విషయం మీద చేసిన ఉపన్యాసం వారిలో ఒకరికి ఇంకా గుర్తున్నదట. "అదే మళ్లీ చెప్పండి, చాలు" అన్నారు.

అదే మళ్లీ చెప్పటం నావల్ల కాలేదు. ఎందువల్ల కాలేదో చెప్పుకోవటమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను నోరు విప్పకముందే వెనక వరసలోనుంచి ఒక అమ్మాయి లేచింది.

"మాస్టారూ, మా నాయనమ్మకు పింఛను వస్తుంది. మాకు బియ్యం ఊరికే వస్తాయి. నేను ఇక్కడికి బస్సులో ఊరికే వచ్చాను. నా చదువుకు ఫీజు ప్రభుత్వమే కడుతుందన్నారు. మా అమ్మ మాత్రం నేను పుట్టకముందు ఏ కూలికి పోయేదో ఇప్పుడూ ఆ కూలికే పోతున్నది. ఇంతకూ మేము బీదరికంలోనుంచి బయటపడుతున్నట్టా, లేనట్టా?"

కొందరు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. ఆమె అడిగినది చమత్కారానికి కాదని నాకు వెంటనే అర్థమైంది. విరామ సమయంలో మిగతా సంగతి తెలిసింది. ఆమె ఒక ప్రైవేటు కళాశాలలో డిగ్రీ ముగించింది. ప్రభుత్వంనుంచి ఫీజు సొమ్ము ఇంకా రాలేదని చెప్పి కళాశాలవారు ఆమె సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకున్నారు. సొమ్ము వస్తే వాపసు ఇస్తాము, ముందు మీరు కట్టండి అంటున్నారు. కట్టగలిగినవాళ్లైతే ప్రభుత్వం దాకా పోవటమెందుకు? సర్టిఫికెట్లు లేక ఆమె బి.ఎడ్.లో చేరలేకపోయింది. ఆమె చదువు ప్రభుత్వ పుస్తకాల్లో ఒక విజయం. కళాశాల పుస్తకాల్లో ఒక బాకీ. ఆమె ఇంట్లో ఒక ఏడాది నష్టం.

ఇలాంటి ప్రశ్నకు నా పాత ఉపన్యాసంలో జవాబు లేదు.

ఆ ఉపన్యాసం ఏమిటో కూడా చెప్పాలి. అప్పట్లో నా వయస్సు ఇరవై దాటి రెండు మూడేళ్లు. సంక్షేమ పథకాలు పాలకవర్గం ప్రజలకు విసిరే ఎంగిలి మెతుకులనీ, పోరాడవలసిన చేతిలో పళ్లెం పెట్టి చాచటం నేర్పుతాయనీ అన్నాను. దాఖలాకు బిస్మార్కును తెచ్చాను. 1878లో సోషలిస్టుల మీద నిషేధ చట్టం తెచ్చిన ఆ ప్రభువే 1883లో కార్మికులకు జబ్బు భీమా పెట్టాడు. ఒక చేత్తో లాఠీ, ఇంకో చేత్తో లడ్డూ, అన్నాను. చప్పట్లు బాగా వచ్చాయి.

ఆ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఆ గర్వం ఇంకా దిగలేదు. మాది నెల్లూరు జిల్లా మెట్టప్రాంతం. అమ్మ చౌకడిపో నుంచి తెచ్చిన బియ్యంలో రాళ్లు ఏరుతూ వసారాలో కూర్చుని వుంది. "ఈ బియ్యం పెట్టి మన నోళ్లు మూయిస్తున్నారమ్మా" అన్నాను. అమ్మ చేట పక్కన పెట్టలేదు, తల ఎత్తలేదు.

"మంచికి పెట్టినారో చెడుకు పెట్టినారో నాకు తెలీదు నాయనా. ఈ బియ్యం వొచ్చినాక నేను ఆసామి గడప ఎక్కలా."

అంతే అన్నది. నేనది విన్నాను గాని, వినిపించుకోలేదు. ఆ మాటలో ఒక పెద్ద ఆర్థిక సూత్రం వున్నదని తెలియటానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

గడప ఎక్కటమంటే ఏమిటో అమ్మే తరువాత విడమరిచి చెప్పింది. మెట్టపొలాల్లో పనులు లేని నెలలు ఏటా వుండేవి. ఆ నెలల్లో కూలివాడింట గింజలు నిండుకునేవి. అప్పుడు ఆడవాళ్లు ఆసామి ఇంటికి పోయి నాము గింజలు తెచ్చుకొనేవాళ్లు. పంటలప్పుడు ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇవ్వాలి. అది బయటికి కనిపించే వడ్డీ. కనిపించని వడ్డీ ఇంకొకటి వుంది. నాము తెచ్చుకున్న ఇంటివాళ్లు కోతలప్పుడు ముందు ఆ ఆసామి చేలోకే దిగాలి. పక్క ఊళ్లో కూలి ఎక్కువున్నా పోకూడదు. ఆయన ఎంత ఇస్తే అంత పుచ్చుకోవాలి. అంటే కోతల నాటి కూలి కోతలప్పుడు నిర్ణయం కావటం లేదు. ఆరు నెలల ముందే, పొయ్యిలో పిల్లి లేవని రోజున, ఆసామి వసారాలో నిర్ణయమైపోతున్నది.

ఇక్కడే కార్డు బియ్యం వచ్చి పడ్డాయి. 1983లో తెలుగుదేశం ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వటం మొదలుపెట్టింది. దాని వెనక ఓట్ల లెక్క లేదని నేననను. ఆ ఎన్నికలకు ముందు అధికారంలో వున్న కాంగ్రెసువారు రూపాయి తొంభై పైసలకే ఇస్తామని బయలుదేరారు. అంటే రెండు పక్షాలకూ లెక్క తెలుసు. మా అమ్మకు కాపురానికి వచ్చిన కొత్త. ఆ బియ్యం నెల పొడుగునా సరిపోయేవి కావు. కాని పనులు లేని నెలల్లో అవే ప్రాణం నిలిపాయి. తొంభైల్లో ఆ ధర మూడున్నరకూ, తరువాత ఐదుంబావుకూ పెరిగింది. 2008లో మళ్లీ రెండు రూపాయలకు దిగింది. 2011లో రూపాయి అయింది. 2023నుంచి జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఇచ్చే తిండిగింజలకు ధరే లేదు. నాకు ఈ అంకెలు పుస్తకాలవల్ల తెలిశాయి. అమ్మకు ఏ ధర వున్నప్పుడు ఎవరింట్లో పెళ్లి జరిగిందో, ఎవరు పోయారో కూడా గుర్తే. ధర పెరిగిన ఏళ్లలో మళ్లీ కొందరు గడప ఎక్కారని కూడా ఆమే చెప్పింది.

కనుక కార్డు బియ్యం మా బీదరికాన్ని పోగొట్టలేదు. బీదవాడు తన శ్రమను తెగనమ్ముకోక తప్పని గడియను కొన్ని నెలలు వెనక్కి జరిపాయి. బేరంలో ఆగగలిగినవాడికే బలం. సంతలో ఎద్దును అమ్మేవాడికి తెలిసిన ఈ సంగతిని నేను ఉపన్యాసంలో మరిచిపోయాను.

అయితే కథ ఇంతటితో ఆగిపోతే అది ప్రభుత్వ ప్రచారపత్రంలాగా వుంటుంది. ఒక చేత్తో రెండు రూపాయల బియ్యం ఇచ్చిన ప్రభుత్వమే ఇంకో చేత్తో వారుణి వాహిని పేరిట సారాను ఊరూరికీ పారించింది. బియ్యం నెలకొకసారి వచ్చేవి. సారా ప్రతి సాయంత్రం వచ్చేది. మగవాడి కూలి డబ్బు సారా దుకాణంలోకీ, అక్కడినుంచి ఖజానాలోకీ పోయేది. ఆ ఖజానాలోనుంచే బియ్యానికి సొమ్ము రావాలి. తన భర్త తాగిన సారా డబ్బుతో తనకు చౌకబియ్యం వస్తున్నాయన్న లెక్కను కట్టినవారు ఆర్థికశాస్త్రజ్ఞులు కారు, మా జిల్లా ఆడవాళ్లు. దూబగుంటలో మొదలై 1992కల్లా జిల్లాలన్నిటికీ పాకిన సారా వ్యతిరేకోద్యమం ఆ లెక్క మీద నిలబడింది. 1993 అక్టోబరు 1నుంచి సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది; 1997లో ఖజానా బాధ భరించలేక దాన్ని సడలించారు. ఈనాటికీ రెండు తెలుగు రాష్ట్రాల ఖజానాలకూ మద్యం ఒక పెద్ద ఆధారమే. సంక్షేమం ఖర్చు ఎవరి జేబులోనుంచి వస్తున్నదో చూడకుండా సంక్షేమాన్ని మెచ్చుకోవటం అర్ధసత్యమే అవుతుంది. ధనికుల ఆస్తుల మీద పన్ను వేసి పెట్టే అన్నం వేరు. బీదవాడి సీసామీదా సబ్బుబిళ్లమీదా పన్ను వేసి అతనికే వడ్డించే అన్నం వేరు.

ఇక్కడ ఇంకొక మాట. తిండి దొరికినంత మాత్రాన జనం మత్తులో పడిపోతారని నేను చెప్పాను గదా. చౌకబియ్యం తింటున్న ఆడవాళ్లే సారా పాటలను ఆపించారు. జర్మనీలోనూ జరిగినది అదే. బిస్మార్కు భీమాను కార్మికులు పుచ్చుకున్నారు, ఓటు మాత్రం సోషలిస్టులకే వేశారు. 1890 ఎన్నికల్లో అన్ని పార్టీలకన్నా ఎక్కువ ఓట్లు వారికే వచ్చాయి. ఆ ఏడాదే నిషేధ చట్టం గడువు తీరి పోయింది, బిస్మార్కు పదవీ పోయింది. నా ఉపన్యాసంలో 1883 వుంది గాని 1890 లేదు. ఉంటే చప్పట్లు తగ్గేవేమో!

ఇక ఉపాధి హామీ సంగతి. 2005లో చట్టమై, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. అమ్మ చెరువు పూడిక పనికి పోయేది. కూలి కొలతను బట్టి ఇచ్చేవారు. ఎండ వేళకు గట్టినేల తవ్వితే కొలత తెగేది కాదు. డబ్బు నెలల తరబడి వచ్చేది కాదు. మస్టరులో లేని మనుషుల పేర్లుండేవి. ఊళ్లో సామాజిక తనిఖీ పెట్టి, రికార్డు చదివి వినిపిస్తూ వుంటే, చనిపోయిన ఒక ముసలాయన పేరు కూడా వచ్చిందనీ, అందరూ గొల్లున నవ్వారనీ అమ్మ చెప్పేది. కాని అదే పనిలో ఆడదానికీ మగవాడికీ ఒకే రేటు. ఆసామి చేలో మాత్రం ఆడకూలికి ఎప్పుడూ సగమే. "వాళ్లు సర్కారు పనిలో సమానంగా ఇస్తా వుండారు, నువ్వెందుకియ్యవు?" అని ఆసామిని మొదటిసారి అడిగినది ఆ ఏడే. ఆయన సమానం చేయలేదు గాని పెంచాడు.

ఇది ఒక్క ఊరి సంగతి కాదని తరువాత చదివాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 జిల్లాల్లోని 157 మండలాల్లో ఉపాధి కూలిని స్మార్టుకార్డుల ద్వారా సరిగా చెల్లించే ఏర్పాటు చేశారు. కొన్ని మండలాల్లో ముందు, కొన్నిట్లో తరువాత. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు ఈ రెండు రకాల మండలాలనూ పోల్చి చూశారు. వారి వ్యాసం 2023లో అచ్చయింది. పథకం బాగా నడిచిన చోట బీదకుటుంబాల సంపాదన నూటికి 13, 14 వంతులు పెరిగింది. అయితే ఆ పెరుగుదలలో పదింట ఎనిమిది వంతులకు పైగా ఉపాధి పనిలో వచ్చిన కూలి కాదు, బయటి పనుల్లో వచ్చినది. బయట కూలి పెరిగింది. పెరిగినా బయట పనులు తగ్గలేదు. అంటే ప్రభుత్వం చేతిలో పెట్టిన డబ్బుకన్నా, "ఇంత ఇస్తేనే వస్తాను, లేకుంటే చెరువు పనికి పోతాను" అనే మాటకు వచ్చిన డబ్బు చాలా ఎక్కువన్నమాట. అమ్మ ఒక్క వాక్యంలో చెప్పినది వీరు పట్టికలు వేసి చెప్పారు.

రైతుల మొర కూడా వినాలి. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వారి ఫిర్యాదుల్లో కూలి భారం ఒకటి. ఉపాధి పనిని వ్యవసాయానికి ముడిపెట్టమన్నారు. అందులో మూడెకరాల రైతు కష్టం అబద్ధం కాదు. కాని అతన్ని ముంచుతున్నది కూలిమనిషి అడిగే డబ్బా, లేక గిట్టుబాటు కాని ధాన్యం ధరా, ఎరువుల ఖర్చా, కౌలా? తనకు పైనున్నవాడితో బేరమాడలేని రైతు, కిందనున్నవాడి బేరాన్ని అడ్డుకోవాలని చూడటం విషాదం. ఆ విషాదాన్ని చూపించి లాభపడేది పెద్ద ఆసామి.

2025 డిసెంబరులో పార్లమెంటు 2005 చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చింది. పనిదినాలను 100నుంచి 125కు పెంచామన్నారు. అదే చట్టంలో ఇంకొక ఏర్పాటు వుంది. విత్తే కాలంలో, కోసే కాలంలో కలిపి ఏడాదికి 60 రోజుల దాకా పనులు ఆపివేయవచ్చు. చాలా రాష్ట్రాలు ఖర్చులో నూటికి 40 వంతులు భరించాలి. రోజులు లెక్కబెట్టేవారికి 125 అనేది 100కన్నా పెద్దదే. కాని అమ్మ లెక్క ప్రకారం చూడండి: కూలిమనిషి బేరానికి బలం వుండేది ఏ రోజుల్లో? విత్తే రోజుల్లో, కోసే రోజుల్లో. సరిగ్గా ఆ రోజుల్లోనే చెరువు పని మూతపడితే, "చెరువు పనికి పోతాను" అనే మాట ఆమె నోట్లోనుంచి తీసేసినట్టే గదా. సంక్షేమంలో ఎంత ఇచ్చారని మాత్రమే లెక్క చూసేవారికి ఈ నష్టం కనిపించదు.

మా కళాశాలలో ఆర్థికశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన వున్నారు. బీదరికం ఇప్పటికే చాలా వరకు పోయిందని వారి వాదం. నీతి ఆయోగ్ 2024లో ప్రకటించిన లెక్కల ప్రకారం తొమ్మిదేళ్లలో 24.82 కోట్ల మంది బహుముఖ దారిద్ర్యంలోనుంచి బయటపడ్డారు. ఆ లెక్కకు 12 కొలబద్దలున్నాయి. వాటిలో కరెంటు, మరుగుదొడ్డి, వంటగ్యాసు, బ్యాంకు ఖాతా వున్నాయి. ఇవేవీ చిన్నవి కావు. కట్టెలపొయ్యి ముందు దగ్గిన అమ్మను చూసినవాణ్ణి నేను. కాని ఆ 12లో కూలి లేదు, భూమి లేదు, అప్పు లేదు. ఉపాధి కూలి వేయటానికి అమ్మకు బ్యాంకు ఖాతా తెరిచారు. ఖాతాలో నిలవ వుండదు. ఖాతా మాత్రం వుంది. ఆ మేరకు ఆమె బీదరికంలోనుంచి ఒక అడుగు బయటపెట్టిందన్నమాట.

అదే గదిలో మరికొందరు మిత్రులు, ఊరికే పెట్టటంవల్ల జనం సోమరులైపోయారంటారు. నెల మొదటి తేదీన జీతం పడకపోతే రెండో తేదీన ధర్నాకు సిద్ధమయ్యే మేము ఈ మాట అనటం భావ్యం కాదు. అదీగాక, ఊరికే పెట్టినది ఎవరికి ఎక్కువ పెట్టారో చూడండి. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు ఎకరానికింత అని ఇచ్చింది. పదెకరాలున్నవాడికి ఎకరం వున్నవాడికన్నా పదింతలు. ఆ పొలాన్ని నిజంగా దున్నే కౌలుదారుకు ఏమీ లేదు. ఏ ఆసామీ దానివల్ల సోమరి అయ్యాడని పత్రికల్లో ఎవరూ వాపోలేదు. మనిషిని చూసి ఇచ్చే సాయం బీదవాడి బేరాన్ని బలపరుస్తుంది. ఆస్తిని చూసి ఇచ్చే సాయం ఆస్తినే బలపరుస్తుంది. రెండిటినీ "సంక్షేమం" అనే ఒకే మాటతో పిలవటంలో పాలకులకు సౌకర్యం వుంది, మనకు లేదు.

ఇంత చెప్పిన తరువాత కూడా ఆ అమ్మాయి ప్రశ్న అలాగే వుంది. బయటపడుతున్నామా, లేదా?

నా సంగతే చెబుతాను. నేను బయటపడ్డాను. సాంఘిక సంక్షేమ హాస్టల్లో తిన్నాను, స్కాలర్‌షిప్పు మీద చదివాను, ఉద్యోగం వచ్చింది. ప్రభుత్వ ప్రకటనలో వేయటానికి నా బొమ్మ పనికివస్తుంది. కాని ఆ హాస్టలు గదిలో మేము ఎనిమిదిమందిమి. ఎనిమిదిమందీ డిగ్రీలు చదివారు. ఒకడు కానిస్టేబులయ్యాడు, నేను ఇలా అయ్యాను. ఇద్దరు ఆటోలు నడుపుతున్నారు. ఒకడు బెంగుళూరులో ఇంటింటికీ భోజనం పొట్లాలు చేరవేస్తున్నాడు. ఇద్దరు ఊళ్లోనే కౌలుచేసి అప్పులపాలయ్యారు. మా అందరిలోకీ బాగా చదివేవాడు, నాకు ఛందస్సు నేర్పినవాడు, తండ్రి జబ్బుకు చేసిన అప్పు తీర్చటానికి ఇటుకబట్టీకి పోయాడు. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. ఆపరేషనుకు అది సాయపడింది, ఆ తరువాత ఏళ్ల తరబడి కొనవలసిన మందులకు పడలేదు. మా ఎనిమిదిమందికీ అన్నం ఒకటే, పుస్తకాలు ఒకటే. తేడా మా తెలివిలో లేదు. నేను పరీక్ష రాసిన సంవత్సరం ఖాళీలు ప్రకటించారు. వాళ్లు రాయదలచిన సంవత్సరాల్లో ప్రకటించలేదు. హాస్టలు మమ్మల్ని తలుపు దాకా తీసుకుపోయింది. తలుపు తెరవటం హాస్టలు చేతిలో లేదు.

2008లో వచ్చిన ఫీజు రీయింబర్సుమెంటు వేలాదిమందిని మొదటిసారి కళాశాల గడప తొక్కించింది. నిజమే. కాని ఆ సొమ్ములో చాలా భాగం ప్రభుత్వ కళాశాలల్లో గదులు కట్టటానికీ అధ్యాపకులను వేయటానికీ పోలేదు, ప్రైవేటు యాజమాన్యాలకు పోయింది. చదువు హక్కు కాగలిగినది కాస్తా రశీదు అయింది. ఆ రశీదు చెల్లకపోతే తాకట్టు పడేది ఆ అమ్మాయి సర్టిఫికెట్టు. యాభై ఏళ్ల కిందట తాత శరీరాన్ని తాకట్టు పెట్టుకొనేవారు, ఇప్పుడు మనమరాలి కాగితాలను పెట్టుకుంటున్నారు. మార్పు లేదనను, ఇది చాలుననీ అనను.

కేరళ సంగతి మన సభల్లో తరచు వస్తుంది. 2025 నవంబరు 1న ఆ రాష్ట్ర ప్రభుత్వం అతి దారిద్ర్యం నిర్మూలన అయిందని ప్రకటించింది. 64,006 కుటుంబాలను గుర్తించి, ఏ కుటుంబానికి ఏది కొరవడిందో చూసి ఏర్పాటు చేశామన్నది. ఆ లెక్కలపై అక్కడే ఆక్షేపణలున్నాయి. కాని అక్కడ సంక్షేమానికి ముందు ఒక పని జరిగింది. 1970నుంచి అమలైన భూసంస్కరణ కౌలు వ్యవస్థను రద్దు చేసింది. గుడిసె వున్న జాగా గుడిసెవాడిదయింది. కూలిసంఘాలు కూలి నిర్ణయించాయి. ఆ నేలమీద పడ్డ సాయం మొలకెత్తింది. మన దగ్గర 1973 భూపరిమితి చట్టం కాగితం మీద చాలా గట్టిది. భూములు దానికన్నా ముందే బంధువుల పేర్లలోకి మారిపోయాయి.

తెలుగు చెప్పుకొనేవాణ్ణి కనుక నా దృష్టి మాటలమీదికి పోతుంది. మన పథకాల పేర్లు చూడండి: దీవెన, కానుక, చేయూత, ఆసరా, బంధు, ఒడి, వందనం. అన్నీ ఇంట్లోనూ గుళ్లోనూ వినే మాటలు. దీవించేవాడు పెద్దవాడు, కానుక పుచ్చుకునేవాడు కృతజ్ఞుడు. పుచ్చుకొన్నవారికి ఇంకొక పేరు పెట్టారు: లబ్ధిదారు. ఏదో లభించినవాడు, లభించటం అతని అదృష్టం, రేపు లభించకపోతే అడగటానికి లేదు. వీటన్నిటి మధ్య ఒక్క పథకానికి మాత్రం "హామీ చట్టం" అనే పేరు వుండేది. పని అడిగితే పదిహేను రోజుల్లో చూపించాలి, చూపించకపోతే భృతి ఇవ్వాలి అని అందులో రాశారు. భృతి వచ్చినవారు అరుదే. ఐనా ఆ రాత వుండబట్టే మా ఊరి ఆడవాళ్లు మండలాఫీసు ముందు కూర్చోగలిగారు. కానుక రాలేదని ఎవరైనా ధర్నా చేయగలరా?

మన సంఘాల పని ఇక్కడ మొదలవుతుందని నా అభిప్రాయం. సంక్షేమాన్ని వెక్కిరించటం మన పని కాదు. దానికి హారతి పట్టటమూ కాదు. ప్రతి పథకాన్నీ ఒక ప్రశ్న వేసి చూడాలి: దీనివల్ల కూలిమనిషి ఆగగలిగే రోజులు పెరుగుతున్నాయా, తరుగుతున్నాయా? పెరిగితే నిలబెట్టుకోవాలి, చట్టం చేయించుకోవాలి. అలా దొరికిన రోజుల్లో కూలికోసం, భూమికోసం, ఖాళీల భర్తీకోసం సంఘం కట్టకపోతే, ఆ రోజులు ఊరికే గడిచిపోతాయి. తిండి ధైర్యం ఇస్తుంది. ధైర్యాన్ని ఏ పనికి పెట్టాలో తిండి చెప్పదు.

ఆ మధ్యాహ్నం ఆ అమ్మాయికి నేను ఇంత వివరంగా చెప్పలేకపోయాను. "మీరు బీదరికంలోనుంచి బయటపడలేదమ్మా. కాని బీదరికం మీ చేత చేయించే పనుల్లో కొన్నిటిని మానగలిగారు. మానగలగటం చిన్న సంగతి కాదు. మిగతాది ఎవరూ పంచిపెట్టరు" అన్నాను. ఆమె తృప్తిపడినట్టు కనిపించలేదు. "అయితే నా సర్టిఫికెట్ల సంగతి?" అన్నది. తరగతులకు వచ్చినవారిలో అదే బాధ వున్నవారు మరి పదకొండుమంది తేలారు. నాలుగో రోజున పన్నెండుమందీ కలిసి అర్జీ రాసుకొని పోయారు. రాసిపెట్టమంటే నేను రాశాను. "దయతో ఇప్పించ ప్రార్థన" అని అలవాటుగా రాసిన వాక్యాన్ని ఆ అమ్మాయే కొట్టేసింది. ఈ వ్యాసం రాసేనాటికి నలుగురికి కాగితాలు వచ్చాయి. ఆమెవి ఇంకా రాలేదు.

చివరగా అమ్మ సంగతి. నాకు ఉద్యోగం వచ్చిన తరువాత తనిఖీలో మా కార్డు కొట్టేశారు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి వుంటే కార్డు వుండదు, వితంతు పింఛనూ వుండదు. నియమం న్యాయమైనదే; నేనేమీ అనను. ఇప్పుడు అమ్మ నా దగ్గరే వుంటున్నది. సన్నబియ్యం తింటున్నది. పాత కార్డును మాత్రం పెట్టెలో బట్టల అడుగున దాచుకున్నది. ఎందుకమ్మా అంటే, "దాంట్లో నా పేరుండాది నాయనా" అన్నది. కొంచెంసేపు ఆగి, నవ్వుతూనే, "ఇప్పుడు నీ గడప ఎక్కినాను గదా" అన్నది.

నేను నవ్వలేకపోయాను. కొడుకు గడపైనా గడపే.